గోడ ఎక్కని పాడుమాటలు

చిలకలూరిపేట,
జూలై 3, 2025.

సౌజన్యకు,

మీ మేనత్త సుబ్బరావమ్మ ఆశీస్సులు. సగం ఇప్పుడు, మిగతా సగం నువ్వు జవాబు రాశాక.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మనిద్దరం ఫోనులో మాట్లాడితే ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి పెట్టేస్తాం. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకోక తప్పదు. ఈ కవరు ఆర్టీసీ పార్సిల్లో వేస్తున్నాను. దాంతోపాటు కాస్త కారం కూడా. ఒంగోల్లో మీరు తినే ఎర్ర రంగు పొడిని కూడా కారం అంటారని విని జాలిపడ్డాను.

మన కారం మిల్లు సరుకులో ముప్పాతిక వంతు కొనేది విజయవాడ పచ్చళ్ల కంపెనీ వాళ్లేనని నీకు తెలుసు. వాళ్లకిప్పుడు కొత్త జబ్బు పట్టుకుంది. ఏదైనా విపత్తు వస్తే మిల్లు ఎలా నడుపుతామో, ఆగిపోతే మళ్లీ ఎలా లేపుతామో రాసి చూపించాలట. అది పనివాళ్లకు కనబడేలా గోడ మీద కూడా ఉండాలట. లేకపోతే ఆర్డర్లు ఇవ్వరట. వాళ్లు పోతే నేను మిల్లుకు తాళం వేసుకుని టీవీ ముందు కూర్చోవాలి. మీ మామయ్య పోయిన దగ్గర్నుంచి ఈ మిల్లు నా చేతుల మీదుగా నడిచింది. వానలొచ్చాయి, కరెంటు కోతలొచ్చాయి, ధర పడిపోయి రైతులు యార్డులోనే కూలబడ్డ ఏడాదులొచ్చాయి. ఏ కాగితమూ లేకుండానే నడిచింది.

బ్యాంకులో బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి, గ్రానైటు షాపు పైన గది తీసుకుని, చిన్న వ్యాపారులకు ఇలాంటి కాగితాలే రాసి పెడుతున్నావని మీ నాన్న బుల్లయ్య చెప్పాడు. రేపు ఏం ముంచుకొస్తుందో చెప్పి డబ్బు తీసుకునేవాళ్లని మేము జోస్యులనేవాళ్లం. వాళ్ల దగ్గర కనీసం చిలక ఉండేది. నీ దగ్గర ఏముందో చూద్దాం. రాసి పంపు. ఫీజు అడిగావంటే బుల్లయ్యకు చెప్తాను.

నువ్వు నమ్మకపోయినా నీ మంచే కోరే
సుబ్బరావమ్మ


ఒంగోలు,
జూలై 9, 2025.

అత్తా,

నమస్కారం. కారం అందింది. సంచి విప్పిన దగ్గర్నుంచి ఆఫీసంతా తుమ్ముతోంది. ఆఫీసంటే నేనే అనుకో.

నా దగ్గర చిలక లేదు, ప్రశ్నలున్నాయి. ఇన్నాళ్లూ నీ మిల్లు నడిచింది నీ తెలివి వల్ల అనుకుంటున్నావు. అదృష్టం వల్ల నడిచింది. అదృష్టాన్ని చూసి ఏ కంపెనీ ఆర్డర్లు ఇవ్వదు. అందుకే కిందవాటికి జవాబులు రాయి. తిట్లు కాదు, జవాబులు.

మిల్లులో నిప్పు అంటుకుంటే ఏం చేస్తారు? తుఫాను వస్తే ఏం చేస్తారు? మోటారు కాలిపోతే, అది బాగయ్యేదాకా ఇంకెవరి మిల్లులో కాయలు ఆడిస్తారు? ఇక ఆఖరిది: నువ్వు లేకపోతే మిల్లు ఎవరు నడుపుతారు?

ఆఖరి ప్రశ్న ఖాళీగా వదలొద్దు. నా దగ్గరికి వచ్చే వ్యాపారులందరూ అక్కడే గుటకలు మింగుతారు.

ఫీజు అడగను. నీ దగ్గర అడిగి తీసుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదుగా.

సౌజన్య


చిలకలూరిపేట,
జూలై 15, 2025.

సౌజన్యా,

ఈసారి ఆశీస్సులు లేవు.

పొద్దున్నే మిల్లులో లక్ష్మీదేవి పటానికి దీపం పెట్టి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నీ కవరు విప్పాను. కాఫీ అలాగే చల్లారిపోయింది. నువ్వు లేకపోతే! ఎంత మాట రాశావే! మన ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. అలాంటి ఇంట్లో పుట్టి, వ్యాపారం చేసే చోటికి, మంగళవారం పూట, నువ్వు లేకపోతే అని రాసి పంపుతావా?

ఈ ప్రశ్న నీదా, మీ నాన్నదా? మిల్లు స్థలం హైవే పక్కనుందని బుల్లయ్య వచ్చినప్పుడల్లా అంటూనే ఉంటాడు. తమ్ముడు కదా, సరదాగా అంటున్నాడనుకున్నాను. ఇప్పుడు కూతురి చేత రాతపూర్వకంగా అడిగిస్తున్నాడు.

మిగతావాటికి జవాబులు తీసుకో. నిప్పు అంటుకుంటే నీళ్లు పోస్తాం. తుఫాను వస్తే కాయల బస్తాలు, అదే టిక్కీలు, అటక ఎక్కిస్తాం. మా మేస్త్రి యలమందయ్య ఏటా చేసే పనే అది. మోటారు కాలిపోతే పక్క వీధిలో రసూల్ మిల్లు ఉంది, కానీ ఆ గడప తొక్కేకంటే కాయలు రోట్లో దంచుకుంటాను. తొడిమలు తీసే ఆడవాళ్లను కూలి పెంచి నా దగ్గర్నుంచి లాక్కుపోయిన మనిషి అతను.

ఆఖరిదానికి జవాబు లేదు. నేను ఉంటాను.

సుబ్బరావమ్మ


ఒంగోలు,
ఆగస్టు 2, 2025.

అత్తా,

మీ ఊరు వచ్చి మిల్లు చూసి, నీ చేతి గోంగూర తిని, నీ చేత తిట్లు తిని క్షేమంగా చేరాను. గోంగూర బాగుంది.

నిప్పు అంటుకుంటే నీళ్లు పోస్తారా? మిరపకాయ కాలుతున్న పొగలో బిందె మోసే మగాణ్ణి ఒక్కణ్ణి చూపించు. గుమ్మం దాటకముందే కళ్లు మూసుకుపోయి పడతాడు. ఇన్నేళ్లు కారం మిల్లు నడిపి ఆ మాట ఎలా రాశావో నాకు అర్థం కాలేదు.

ప్రణాళిక పంపుతున్నాను. గోడ మీద రెండు వరుసలు. మొదటి వరుసకు పైన ఎర్ర అక్షరాలతో ‘నిప్పు అంటుకుంటే’ అని ఉండాలి. దాని కింద: మెయిన్ ఆపండి. తలుపులన్నీ బార్లా తీయండి. అందినన్ని టిక్కీలు బయట కల్లంలోకి లాగండి. పొగ తగలకుండా, గాలి వచ్చే వైపు నిలబడండి.

రెండో వరుసకు పైన ‘తుఫాను వస్తే’. దాని కింద: మెయిన్ ఆపండి. తలుపులు మూయండి. టిక్కీలు అటక ఎక్కించండి. మోటారు విప్పి పైకెత్తండి.

యలమందయ్యకూ ఆడవాళ్లకూ నేనొక మాట గట్టిగా చెప్పి వచ్చాను. కంగారులో ఉన్నప్పుడు సొంత తెలివి వాడొద్దు, గోడ మీద ఏముంటే అదే చేయాలి అని. నువ్వూ అదే చెప్పు. బోర్డులు రాసే సైదా చేత పెద్ద అక్షరాల్లో రాయించి ఫొటో పంపు.

ఆఖరి ప్రశ్న ఇంకా ఖాళీగానే ఉంది. స్థలం కోసం అడిగానని అనుకుంటే అనుకో. నీ అనుమానాలకు నేను ప్రణాళిక రాయలేను.

సౌజన్య


చిలకలూరిపేట,
ఆగస్టు 28, 2025.

సౌజన్యా,

గోడ రాయించాను. సైదా నీలం రంగు, ఎరుపు రంగు కలిపి పెళ్లి శుభలేఖలా తీర్చాడు. విజయవాడ నుంచి కంపెనీ ఆఫీసరు వచ్చాడు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, మిల్లులోకి రావడానికి చెప్పులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు. గోడ ముందు నిలబడి ఫొటో దిగి, “చాలా ప్రొఫెషనల్‌గా ఉందండీ” అన్నాడు. ఆర్డరు నిలబడింది. ఫొటో దీంట్లో పెట్టాను.

నువ్వు రాసినదాంట్లో పైన రెండు పాడుమాటలున్నాయి. లక్ష్మీదేవి పటం పక్కన అవి రాయిస్తే నేను సుబ్బరావమ్మనే కాదు. వాటిని మంగళకరంగా మార్పించాను. మిగతాదంతా నువ్వు రాసినట్టే ఉంది, ఒక్క అక్షరం పోలేదు.

అన్నట్టు, నువ్వు మా ఊరొచ్చిన రోజున రసూల్ మిల్లులో కూర్చుని టీ తాగావట. తొడిమల ఆడవాళ్ల పెద్ద కోటేశ్వరి చూసింది. ఆమె కళ్ల నుంచి ఈ వీధిలో ఏదీ తప్పించుకోదు. నేను లేకపోతే ఎవరని నన్నడిగి, అటునుంచి అటే రసూల్ దగ్గరికి వెళ్లావా? మిల్లుకు బేరం పెట్టావా? నేనింకా బతికే ఉన్నానని అతనికి చెప్పావా లేదా?

సుబ్బరావమ్మ


ఒంగోలు,
సెప్టెంబరు 10, 2025.

అత్తా,

ఫొటో బ్రహ్మాండంగా ఉంది. గోడ, దాని ముందు ఆఫీసరు, పక్కన కొంగు సర్దుకుంటూ నువ్వు. నా ఆఫీసు కరపత్రం మీద అదే వేయించాను. ఒక కట్ట పంపుతున్నాను, మీ ఊరి వ్యాపారులకు పంచు. విపత్తు ప్రణాళిక అంటే ఎలా ఉండాలో కళ్లారా చూస్తారు.

రసూల్ గారి దగ్గర ఎందుకు కూర్చున్నానో చెప్పను. చెప్తే నువ్వు గోల చేసి ఆ పని చెడగొడతావు. పైగా నన్ను దొంగను చూసినట్టు చూసే మనిషికి సంజాయిషీ ఇచ్చే అలవాటు నాకు లేదు. అది కూడా మన ఇంట్లోనే నేర్చుకున్నాను.

సౌజన్య


ఒంగోలు,
అక్టోబరు 31, 2025.

అత్తా,

నువ్వు వినుకొండలో పెళ్లికి వెళ్లి, తుఫానుకు రోడ్లు మూసేస్తే అక్కడే చిక్కుకుపోయావని నాన్న చెప్పాడు. నీకేమీ కాలేదని తెలిసేదాకా ఇక్కడ ఎవరం అన్నం తినలేదు. అది నీకు తెలియాలి కాబట్టి ముందు రాశాను. ఇక మిగతాది.

కాయల టిక్కీలన్నీ కల్లంలో పెట్టి తడిపారట! మిల్లు తలుపులు బార్లా తీసి ఉన్నాయట! లోపలికి నీళ్లొచ్చి మోటారు మునిగిందట! తుఫాను వస్తోందని ఊరంతా మైకులో చెప్తుంటే, పొడిగా ఉన్న సరుకును మోసుకెళ్లి వానలో పెట్టేవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఏటా అటక ఎక్కించే యలమందయ్యకు ఈ ఏడు ఏమైంది? గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాయించింది అలంకారానికా? మీకు ప్రణాళిక రాసి ఇవ్వడం కంటే కల్లంలో కాకులకు రాసి ఇవ్వడం నయం.

సౌజన్య


చిలకలూరిపేట,
నవంబరు 4, 2025.

ఒంగోలు పండితురాలికి,

యలమందయ్యను పిలిచి నీ ఉత్తరం చదివి వినిపించాను. అతని జవాబు అతని మాటల్లోనే రాస్తున్నాను.

“అమ్మాయిగారేగా సొంత తెలివి వాడొద్దన్నారు! నేను అటక ఎక్కిద్దామనే అన్నానమ్మా. కోటేశ్వరి ఊరుకోలా. ‘గోడ మీదున్నదే చెయ్యాలి, ఆఫీసరుగారు కూడా అదే చెప్పాడు’ అంది. ముందు మొదటి వరసే కదా అని, అందులో ఏముందో అదే చేశాం. తలుపులు తీశాం, టిక్కీలు కల్లంలోకి లాగాం. గాలికి రేకులు లేచిపోయి కాయల మీద పడతాయని కాబోలు, అందుకే బయట పెట్టమన్నారనుకున్నాం. పట్టాలు కూడా కప్పామమ్మా. గాలి వాటిని లేపుకుపోయింది.”

విన్నావా? నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశారు పాపం. వానలో తడుస్తూ, తిండి మానేసి, నీ గోడకు విధేయంగా నా సరుకును నీళ్లపాలు చేశారు.

ఒక దళారి వచ్చాడు. తడిసిన కాయలు ఎండబెట్టి మంచివాటిలో కలిపి ఆడిస్తే ఎవరికీ తెలియదన్నాడు. బూజు పట్టిన కాయ ఆడించడానికి వేరే మిల్లు చూసుకొమ్మని గేటు దాకా సాగనంపాను. గొయ్యి తీయించి అంతా పూడ్పించాను. కోల్డ్ స్టోరేజీలో ఉన్న కాయలు భద్రంగానే ఉన్నాయి. కానీ ఆడించడానికి మోటారు లేదు. ఈ నెల సరుకు వెళ్లకపోతే పచ్చళ్ల కంపెనీ వాళ్లు వేరే మిల్లు చూసుకుంటామన్నారు. ఇక తాళం వేసుకోవడమే మిగిలింది. నీ విద్య చల్లగా ఉండాలి.

సుబ్బరావమ్మ


ఒంగోలు,
నవంబరు 7, 2025.

అత్తా,

మొదటి వరుస నిప్పుకు! నిప్పుకు! పైన ఎర్ర అక్షరాలతో ‘నిప్పు అంటుకుంటే’ అని ఉండాలి. అది చదివి తుఫానులో టిక్కీలు బయట పెట్టారంటే మీ మిల్లులో ఎవరికీ చదువు రాదనుకోవాలి, లేదా నువ్వు ఆ మాట తీయించి ఉండాలి. రెండు పాడుమాటలు మార్పించానన్నావు. వాటి చోట ఏం రాయించావు? నిజం చెప్పు. ఏం రాయించావు?

సౌజన్య


చిలకలూరిపేట,
నవంబరు 12, 2025.

సౌజన్యా,

ఏం రాయించానని నన్నడుగుతున్నావా? నువ్వు పంచమని పంపిన కరపత్రాల కట్ట ఇవాళ విప్పాను. పైన ‘మీ ధైర్యం మా బాధ్యత’ అని అచ్చు వేయించావు. కింద ఫొటో. ఫొటోలో నా గోడ. నాకు కళ్లజోడు మార్చాల్సిన కాలం దాటిపోయింది, అయినా స్పష్టంగా కనబడుతోంది. మొదటి వరుస పైన ‘శ్రీరస్తు’. రెండో వరుస పైన ‘శుభమస్తు’. ఊరూరా పంచావుగా, నువ్వు ఒక్కసారైనా చదివావా?

అవును, నేనే రాయించాను. నిప్పు, తుఫాను అన్న మాటలు లక్ష్మీదేవి ఎదుట ఉండకూడదనుకున్నాను. మాట రాయకపోతే అది రాదనుకున్నాను. వచ్చింది. నేను ఊళ్లో లేనప్పుడు వచ్చింది. ఫోన్లు కలవక, వినుకొండలో పెళ్లివారి అరుగు మీద కూర్చుని నీ ఆఖరి ప్రశ్నే తలుచుకుని తిట్టుకున్నాను. ముందు నిన్ను, తర్వాత నన్ను.

ఇంకో సంగతి. నిన్న రసూల్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. అతనే మొదలుపెట్టాడు.

“అక్కా, కోల్డ్ స్టోరేజీ నుంచి కాయలు తెప్పించండి. పగలు మీవి ఆడిద్దాం, పొద్దుగూకాక నావి ఆడించుకుంటా.”

“నిన్నెవరు అడిగారయ్యా?” అన్నాను.

“మీ మేనకోడలు ఆ రోజు ఊరొచ్చినప్పుడే మాట తీసుకుందిగా. మీ మోటారు పోతే నా మిల్లు, నా మోటారు పోతే మీ మిల్లు. మీరు కూడా ఒప్పుకున్నారని చెప్పింది. మీకు చెప్పలేదా ఏంది?”

నేను ఒప్పుకున్నానట! నా తరఫున అబద్ధం చెప్పి, నా శత్రువుతో టీ తాగి, నా మిల్లును నిలబెట్టావు. నీ మీద కోపం ఎలా వెళ్లగక్కాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. కారం ఘాటని యలమందయ్యతో చెప్పాను. ఇవాళ పొద్దున్న మన కాయలు రసూల్ మిల్లులో పడ్డాయి. రసూల్ భార్య నాకు టీ ఇచ్చింది. తాగాను. చక్కెర ఎక్కువ.

సుబ్బరావమ్మ


ఒంగోలు,
నవంబరు 15, 2025.

అత్తా,

కరపత్రం చదివాను. నా పేరున్న కాగితాన్ని మొదటిసారి చదివాను. ఇంతమందికి పంచితే ఒక్కరూ అడగలేదు. అందరూ నాలాగే ఫొటో చూసి బాగుందన్నారు. మిగిలినవన్నీ తగలబెట్టాను. జోస్యుడి చిలకైనా కార్డు తీసేముందు ఒకసారి చూస్తుంది.

ఆఖరి ప్రశ్న ఎందుకడిగానో ఇప్పుడు చెప్తాను. మామయ్య పోయిన రోజున నేను చిన్నపిల్లను, మీ ఇంట్లోనే ఉన్నాను. మామయ్యను ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్లనే లేదు. మేస్త్రి వచ్చి నిన్ను పక్కకు పిలిచి మోటారు బెల్టు సైజు ఎంతని అడిగాడు. మామయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు లేచి వెళ్లి ఆయన పెట్టెలన్నీ వెతికావు. వచ్చేసరికి ఆయన్ను తీసుకెళ్లిపోయారు. నిన్ను ఏడవనివ్వలేదు అత్తా, ఎవరూ.

నాకు నీ స్థలం వద్దు. నువ్వు పోయిన రోజున నేను కూర్చుని ఏడవాలి. బెల్టు సైజు వెతుక్కుంటూ తిరగకూడదు.

సౌజన్య


చిలకలూరిపేట,
నవంబరు 24, 2025.

సౌజన్యకు,

అత్త ఆశీస్సులు. ఈసారి మొత్తం, జవాబు రాయకపోయినా సరే.

సరుకు విజయవాడ చేరింది. మన కాయలే, రసూల్ మిల్లు. కంపెనీవాళ్లు పరీక్ష చేసి బాగుందన్నారు. ఆర్డరు ఎక్కడికీ పోలేదు. మోటారు బాగవుతోంది. స్థలం సంగతి బుల్లయ్యతో నేనే మాట్లాడాను. అన్ని మాటలన్నందుకు ఒక పూట భోజనం పెట్టాను. అంతకుమించి నా వల్ల కాదు.

నీ ఉత్తరం చదివి సైదాను మళ్లీ పిలిపించాను. శ్రీరస్తు తుడిపించి ‘నిప్పు అంటుకుంటే’ అని రాయించాను. శుభమస్తు తుడిపించి ‘తుఫాను వస్తే’ అని రాయించాను. మూడో వరుస చెప్పేసరికి సైదా కుంచె కింద పెట్టేశాడు. “అమ్మా, ఈ మాట నా చేత్తో రాయను” అన్నాడు. అందుకే నేనే రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. కొత్త గోడ చూడ్డానికి మళ్లీ వచ్చిన ఆ ఆఫీసరు కుర్రాడు మొహం అదోలా పెట్టి, “ఇది మరీ ఎబ్బెట్టుగా ఉందండీ” అన్నాడు. నువ్వు చెప్పులకే సంచులు తొడుక్కున్నావు నాయనా, కళ్లకు కాదు, చదువు అన్నాను. కోటేశ్వరి చదివి కాసేపు కళ్లొత్తుకుంది. తర్వాత జీతం పెంచమంది. పెంచాను.

మూడో వరుస లక్ష్మీదేవి పటం పక్కనే ఉంది. ఆవిడ కూడా చదువుకోనీ.

‘సుబ్బరావమ్మ చనిపోతే:
ఆ రోజు మిల్లు ఆపండి. అర్జంటు కాయలుంటే రసూల్ గారి మిల్లులో ఆడించండి, ఆయన కాదనడు.
మర్నాటి నుంచి కోటేశ్వరి చెప్పినట్టు వినండి. లెక్కల మీద సౌజన్య కన్నేసి ఉంచుతుంది.
మోటారు బెల్టు సైజు తలుపు వెనక రాసి ఉంది. అక్కడ చూసుకోండి.
ఆ రోజు సౌజన్యను ఎవరూ ఏమీ అడగొద్దు. ఆ పిల్లను ఏడవనివ్వండి.’

ఫొటో పెట్టాను. ఈసారి చదువు.

మీ అత్త,
సుబ్బరావమ్మ